బావకు నచ్చని స్పీకర్లు

క్లినిక్ నుంచి,
జూన్ 6

చిట్టి రాక్షసికి,

బావ దీవెనలు. నా దీవెనలు ఊరికే రావని నీకు తెలుసు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను. నేను స్పీకర్లు కొనబోతున్నాను. గోడకి తగిలించే బుల్లి డబ్బాలు కాదు. నిలబెడితే నా భుజం దాకా వచ్చేవి, ఆ చెక్క నునుపు చూస్తే చెయ్యి వెయ్యకుండా ఉండలేనివి. ఒక జత.

ఈ పిచ్చి ఎక్కడ అంటుకుందో చెబుతాను. నా పేషెంటు ఒకాయన, లాయరు. మొండి దంతం ఒకటి నొప్పి లేకుండా పీకానని సంతోషించి ఇంటికి టీకి పిలిచాడు. ఆయన హాల్లో రెండు పొడుగాటి పెట్టెలు ద్వారపాలకుల్లా నిలబడి ఉన్నాయి. రికార్డు పెట్టాడు. చెల్లో, వయొలిన్‌కి పెద్దన్నలాంటిది. ఆ వాయిద్యం మోగుతుంటే కుర్చీ కాళ్ల గుండా నా ఒంట్లోకి పాకింది. టీ చల్లారిపోయింది. పొద్దస్తమానం జనం నోళ్లు తెరిపించి డ్రిల్లు రొద వినేవాణ్ని. ఇన్నేళ్లకి నా చెవులకి ఎవరో మర్యాద చేసినట్టనిపించింది.

నువ్వు రేడియోలో సౌండ్ ఇంజనీరువి. ఎలా ఎంచుకోవాలో రాయి. జవాబు క్లినిక్‌కే పంపు. మీ అక్కకి మాత్రం చెప్పకు. లైబ్రేరియన్ కదా, పగలంతా జనాన్ని "ష్" అనడం ఆవిడ ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా డ్యూటీ దిగదు. తెచ్చి పెట్టేశాక చూసి తానే ఆనందిస్తుంది. ఫోన్ చేయకు. ఈ మధ్య లైన్లు ఎంత పాడయ్యాయంటే ఎవరు మాట్లాడినా బావిలోంచి మాట్లాడుతున్నట్టుంది.

ఇట్లు,
రసికుడైన నీ బావ

రేడియో స్టేషన్,
జూన్ 12

బావా,

నీ ఉత్తరం స్టూడియోలో కూర్చుని చదివాను, అదే నా తప్పు. ద్వారపాలకుల దగ్గరికి వచ్చేసరికి ఫక్కున నవ్వాను. మైకు తెరిచే ఉంది. వాతావరణ వార్తల్లో తుఫాను హెచ్చరిక చెబుతూ నవ్విన స్టేషన్ మాదొక్కటే అయ్యుంటుంది.

సరే, విను. స్పీకర్లు కొంటున్నాననుకుంటావు గానీ, సగం నీ గదినే కొంటున్నావు. గోడకి ఆనించావా, తబలా కాస్తా డోలైపోతుంది. రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరముందో, నీ కుర్చీకి ఇంచుమించు అంతే దూరం ఉంచు. దుకాణంవాడు పెట్టే రికార్డు వినకు. ఏ స్పీకరుకి ఏ పాట నప్పుతుందో వాడికి బాగా తెలుసు. నీకు కంఠతా వచ్చిన రికార్డు పట్టుకెళ్లు. రెండు జతలు పోల్చేటప్పుడు రెండూ ఒకే వాల్యూమ్‌లో మోగించమను. కాస్త గట్టిగా మోగేదే మంచిదని మనిషికి తోస్తుంది. మనుషుల విషయంలోనూ అంతేలే, లేకపోతే మా డైరెక్టరు డైరెక్టరయ్యేవాడే కాదు.

అక్కకి చెప్పనని మాటిస్తున్నాను. కానీ భుజమంత ఎత్తు పెట్టెలు రెండు ఆవిడ కళ్లుగప్పి ఎలా తెస్తావు? కొంగుచాటున దాచడానికి నీకు కొంగు కూడా లేదాయె.

తుఫానులో నవ్విన
నీ మరదలు

క్లినిక్,
జూన్ 27

రాక్షసీ,

దుకాణానికి వెళ్లాను. యజమానికి గుసగుసలాయన అని పేరు పెట్టాను. ఎంత మెల్లగా మాట్లాడతాడంటే, ప్రతి మాటా పక్కింటివాళ్ల గుట్టు చెబుతున్నట్టే ఉంటుంది. వెనకాల వినే గది. నేలంతా తివాచీ, నడిమధ్య ఒకే ఒక్క కుర్చీ. అచ్చం మా క్లినిక్కే. కూర్చోగానే అలవాటుకొద్దీ నోరు తెరిచాను.

మొదటి జత బొంత కప్పుకుని మోగింది. రెండోది రెండు బొంతలు. నువ్వు చెప్పినట్టే నా వేణువు రికార్డు తీసుకెళ్లాను, చదువుకునే రోజుల్నుంచీ వింటున్నది. అందులో వేణువు పైకెక్కే చోట వెనక సన్నగా గజ్జెలు మోగుతాయి. ఆ చోటు కోసమే నేనా రికార్డు పెట్టుకుంటాను. మూడో జతలో కూడా గజ్జెలు మాయం!

"గజ్జెలేవండీ?" అన్నాను.

ఏదో గొణిగాడు. మళ్లీ అడిగాను. ఈసారి నా మొహంలోకి వింతగా చూస్తూ, "మోగుతున్నాయి కదండీ" అన్నాడు. అంటే, నాకు చెవుల్లేవా?

ఇంట్లో మీ అక్క కూడా గొణుగుడు నేర్చింది. లైబ్రరీ ఒంటికి పట్టేసినట్టుంది. మొన్న రెండు చేతులా సంచులతో వస్తూ మెట్ల మీదినుంచే తలుపు వేయమంది. వేశాను. అవతల నుంచి ఒకటే బాదుడు! ఏం కావాలో ఆవిడకే తెలియదు. అన్నట్టు, నిన్ను రమ్మంటోంది. నిన్న కిటికీ దగ్గర నిలబడి "మరదలు రావాలి" అంది. చెల్లెలు అనకుండా మరదలు అందేమిటా అనుకున్నాను; నా తరఫున మాట్లాడిందేమో. వీలు చూసుకుని రా.

క్లినిక్‌లో పనిముట్లు మరిగించే యంత్రం కూడా మొరాయించింది. పని అయిపోగానే కూసేది, ఇప్పుడు కూయడం లేదు. మెకానిక్కేమో బాగానే ఉందని చెప్పి వెళ్లిపోయాడు. ఈ కాలంలో ఏ వస్తువూ సరిగా పనిచేయదు, ఏ మనిషీ సరిగా మాట్లాడడు.

విసిగిన
నీ బావ

రేడియో స్టేషన్,
జులై 4

బావా,

నీ మాట నమ్మి సెలవు పెట్టాను. పెట్టె సర్దుకుని అక్కకి ఫోన్ చేశాను, వస్తున్నానని.

"ఎందుకే?" అంది.

"నువ్వే రమ్మన్నావటగా. కిటికీ దగ్గర నిలబడి."

"కిటికీ దగ్గరా?" అని గుర్తు చేసుకుంది. తర్వాత, "పరదాలే తల్లీ! కిటికీకి కొత్త పరదాలు రావాలన్నాను" అంది.

ఇద్దరం నవ్వుకున్నాం. కానీ అక్క నవ్వు తొందరగా ఆగిపోయింది. "మీ బావకి నా మీద ఎందుకో కోపంగా ఉందే" అంది. వెనకనుంచి పిలిస్తే పలకవట. వంటింట్లోంచి ఏమడిగినా జవాబుండదట. ఆదివారాలు మీటింగని వెళ్లి మొహం మాడ్చుకుని వస్తావట. "మాట్లాడటం ఇష్టం లేకపోతే లేదని చెప్పొచ్చుగా. తలుపు తీయమంటే మొహం మీద వేసేయడం దేనికి?" అంది. స్పీకర్ల సంగతి నా నాలుక చివరిదాకా వచ్చింది. మాటిచ్చాను కాబట్టి మింగాను. బాబ్బాబు, చెప్పెయ్ బావా. నువ్వు కొనబోయే పెట్టెల కన్నా ఈ రహస్యమే మీ ఇంట్లో ఎక్కువ చోటు ఆక్రమిస్తోంది.

ఇక నువ్వు ఉత్తరంతో పంపిన దుకాణం కాగితం చూస్తే, ఆ మూడో జత మా స్టూడియోలో ఉన్నదే. పైస్వరాలు చెవుల్లో గుచ్చుతాయని మేమంతా దాన్ని తిట్టుకుంటాం. దానికి బొంత ఎక్కణ్నుంచి వచ్చిందో నాకు అంతుబట్టడం లేదు. ఆ దుకాణంలో మిగతా సరంజామా ఏదో బాగుండి ఉండదు. ఇంటికి తెప్పించుకుని విను. పేరున్న దుకాణాలు అందుకు ఒప్పుకుంటాయి.

సర్దిన పెట్టె మళ్లీ విప్పుకుంటున్న
మరదలు

ఇంటి నుంచి,
జులై 15

నా ముద్దుల మరదలికి,

విజయం! మీ అక్క నోటినుంచే ప్రశంస వచ్చింది. ఎలాగో విను.

మీ అక్క ఏదో శిక్షణ తరగతులని పొరుగూరు వెళ్లింది. ఇదే అదననుకుని గుసగుసలాయన చేత ఆ మూడో జత తెప్పించాను. పెట్టాను. మళ్లీ అదే బొంత. తప్పు గదిదేమోనని తివాచీ చుట్టి పక్కన పడేశాను. కొత్త పరదాలు ఊడదీశాను. అప్పటికీ లాభం లేక ఆంప్లిఫయర్‌లో పైస్వరాల మీట చివరిదాకా తిప్పి, శబ్దం పెంచాను. అప్పుడొచ్చాయి గజ్జెలు, దోమలంత సన్నగా. వాటితో పాటు కింది వాటాలో ఉండే టైలరమ్మ కూడా వచ్చింది, చేతిలో కత్తెరతో. "సూది పెట్టి చెవులు కుడుతున్నట్టుంది డాక్టరుగారూ!" అని అరిచి వెళ్లింది. పాపం, కుట్టుమిషను తప్ప వేరే సంగీతం ఎరగని మనిషి.

అంతలో మీ అక్క, చెప్పిన రోజుకన్నా ముందే దిగింది. గుమ్మంలో నిలబడి బోసి కిటికీలనీ, చుట్టిన తివాచీనీ, నా పక్కనున్న ద్వారపాలకులనీ చూసింది. నేను చిరునవ్వుతో కుర్చీ చూపించాను. కూర్చోలేదు. చేతులు రెండూ చెవుల దగ్గర పెట్టుకుంది, శ్రద్ధగా వినేవాళ్లు పెట్టుకుంటారు చూడు, అలా. "ఎంత బాగా ఉందో!" అంది. మళ్లీ అంది. నా గుండె పొంగిపోయింది. ఇంకాస్త పెంచాను. మీ అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి!

ఇన్నేళ్ల కాపురంలో ఆవిడలో ఇంత రసజ్ఞత ఉందని నాకు తెలియనే తెలియదు. గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. గొప్ప సంగీతం విన్నాక మనిషికి ఏకాంతం కావాలనిపిస్తుంది. పొద్దున్నే మళ్లీ పెట్టె పట్టుకుని బయల్దేరింది. ఏదో చెప్పింది, మిగిలిన శిక్షణ పూర్తి చేయడానికనుకుంటాను.

ఇంకా కాస్త బొంత ఉంది. అదొక్కటీ తీసేసే ఉపాయం చెప్పు.

విజేత అయిన
నీ బావ

మా ఇంటి నుంచి,
జులై 19

బావా,

శిక్షణ కాదు. "చెల్లి దగ్గరికి వెళ్తున్నాను" అని చెప్పింది. ఇప్పుడు నా పక్కగదిలో గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"బాగా" కాదు. "బాధగా". "ఎంత బాధగా ఉందో, తగ్గించండి" అని రెండుసార్లు అందట. నువ్వు తన మొహంలోకి చూసి నవ్వుతూ పెంచావట. "నన్ను ఇంట్లోంచి తరమాలంటే ఒక్క మాట చాలదా, అంత పెద్ద పెట్టెలు తేవాలా?" అంటోంది. నేను దాచిన రహస్యం కూడా బయటపడింది కాబట్టి, నామీద కూడా కోపంగానే ఉంది. టీ ఇస్తే తాగుతోంది గానీ మొహం చూడటం లేదు.

ఇప్పుడు నేను చెప్పేది కోపం లేకుండా చదువు. పరదాలు మరదలయ్యాయి. తీయమంటే వేయమన్నట్టయింది. గుసగుసలాయన గొణుగుతాడు, అక్క గొణుగుతుంది, ఫోన్లన్నీ బావిలోంచి మోగుతాయి. అందుకేనా నువ్వు నా ఫోన్ ఎత్తడం మానేసింది? స్టూడియోలో మా చెవుల్ని కోసే స్పీకర్లు నీకు బొంత కప్పుకున్నట్టున్నాయి. లోకంలో ఇంతమంది ఒక్కసారిగా పాడైపోవడం కన్నా, నీ చెవులు రెండూ పాడవడం తేలిక. రోజూ డ్రిల్లు పక్కనే పెట్టుకున్న చెవులవి.

ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వ్యవహారం. నమ్మకపోతే, పనిముట్లు మరిగించే ఆ యంత్రం కూస్తోందో లేదో మీ నర్సుని అడుగు.

నీ మేలు కోరే
మరదలు

క్లినిక్,
జులై 23

గౌరవనీయులైన సౌండ్ ఇంజనీరు గారికి,

మీ ఉత్తరం అందింది. నా చెవులు దివ్యంగా ఉన్నాయి. మీ సలహాలు ఇక అక్కర్లేదు. మీ అక్కగారిని జాగ్రత్తగా చూసుకోగలరు.

ఇట్లు,
దంతవైద్యుడు

క్లినిక్,
ఆగస్టు 10

చిట్టి రాక్షసీ,

కిందటి ఉత్తరం చింపేసి ఉంటావనుకుంటున్నాను. చింపకపోతే ఇప్పుడు చింపు.

దాన్ని డబ్బాలో వేసి వచ్చిన మధ్యాహ్నమే, యంత్రం ముందు నిలబడ్డాను. నర్సు వెనకాల దూది ఉండలు చుడుతోంది. కళ్లార్పకుండా యంత్రాన్నే చూస్తూ ఉన్నాను. ఏ చప్పుడూ లేదు. నర్సు లేచి వచ్చి దాని తలుపు తెరిచింది.

"అయిపోయిందని ఎలా తెలిసింది?" అన్నాను.

"కూసింది కదండీ" అంది, ఇదేం ప్రశ్న అన్నట్టు.

చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన జ్ఞానదంతం పీకింది నేనే, మత్తు పూర్తిగా ఎక్కకముందే. నన్ను చూడగానే ఆయన కళ్లు మెరిశాయి. అద్దాల గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నాడు. నేను బటన్ మీద వేలు పెట్టుకుని, ఇంకా మొదలుపెట్టడేమని చూస్తున్నాను. అప్పటికే సగం పరీక్ష అయిపోయిందట. తర్వాత గీత గీసిన కాగితం చూపించాడు. మొదట్లో బల్లపరుపుగా ఉండి, పైస్వరాల వైపు వెళ్లేకొద్దీ జారుడుబల్లలా దిగిపోయింది. డ్రిల్లు వల్ల కావొచ్చు, వయసు వల్ల కావొచ్చు, పోయింది మాత్రం తిరిగి రాదన్నాడు.

నీ దగ్గర దాచడమెందుకు, భయం వేసింది. ఇంటికొచ్చి ఆ రికార్డు పెట్టుకుని కూర్చున్నాను. గజ్జెలు అందులోనే ఉన్నాయి. అక్కడ లేనిది నేను.

మీ అక్క సెలవు అయిపోయి తిరిగొస్తోందని నువ్వు రాసిన కార్డు అందగానే బస్టాండుకి వెళ్లాను. దిగి, నన్ను చూసి, పక్కనుంచి వెళ్లిపోబోయింది. పెట్టె అందుకున్నాను.

"ఇలా నా ఎదురుగా నిలబడు. నాకు చెవులు సరిగా వినపడటం లేదు" అన్నాను. అనుకున్నదానికన్నా గట్టిగా అన్నట్టున్నాను, కండక్టరు కూడా తిరిగి చూశాడు.

"ఎప్పట్నుంచి?"

"నువ్వు గొణగడం మొదలుపెట్టినప్పట్నుంచి."

బెంచీ మీద కూర్చున్నాం. మీ అక్క ఒక్కొక్కటీ అడగడం మొదలుపెట్టింది. "నేను పిలిస్తే పలకనిది?" వినపడలేదన్నాను. "తలుపు?" వేయమన్నావనుకున్నానన్నాను. చివరికి తల వంచుకుని ఇంకేదో అంది. గడ్డం పట్టుకుని మొహం పైకెత్తాల్సి వచ్చింది.

"వంటింట్లో ఏడ్చిన రోజు?"

"ఏడ్చావా?"

"ఏడ్చాను. మీకు వినపడాలనే కాస్త గట్టిగానే ఏడ్చాను."

"అదీ వినపడలేదే."

మీ అక్క కళ్లు నిండుగా ఉన్నాయి, పెదవులు అదురుతున్నాయి. "అయితే అంత ఏడుపూ దండగేనా!" అంది. బస్సులు వెళ్తున్నాయి, వస్తున్నాయి. మేమిద్దరం ఆ బెంచీ మీద పిచ్చివాళ్లలా నవ్వుతూ కూర్చున్నాం.

చెవి మిషన్లకి కొలతలిచ్చాను. స్పీకర్లు వెనక్కి పంపేశాను. నాకిక స్పీకర్లెందుకులే.

నీ చెవిటి బావ

రేడియో స్టేషన్,
ఆగస్టు 16

బావా,

చింపలేదు. "గౌరవనీయులైన" అని నన్ను జీవితంలో ఇంకెవరూ అనలేదు, అందుకని ఫ్రేము కట్టించాను. మా స్టూడియోలో గోడకి వేలాడుతోంది.

స్పీకర్లు ఎందుకంటావేమిటి? కళ్లజోడు వచ్చిందని ఎవరైనా పుస్తకాలు పారేస్తారా? మిషన్లు పెట్టుకున్న కొత్తలో అంతా రేకు డబ్బాలో గులకరాళ్లలా ఉంటుంది. మెదడు సర్దుకోవడానికి కొన్నాళ్లు పడుతుంది, అప్పటిదాకా దేనిమీదా తీర్పు చెప్పకు. ముఖ్యంగా మనుషుల మీద. ఆ తర్వాత మళ్లీ దుకాణానికి వెళ్లు. ఈసారి మాత్రం పనిచేసే చెవులు ఒక జత వెంట తీసుకెళ్లు. అవి మీ ఇంట్లోనే ఉన్నాయి.

మరదలు

ఇంటి నుంచి,
అక్టోబరు 2

రాక్షసీ,

మొదటివారం నరకం. నా చొక్కా మడతల చప్పుడుకే ఉలిక్కిపడ్డాను. పళ్లెం మీద చెంచా పడితే పిడుగు. నా డ్రిల్లు నేనే మొదటిసారి సరిగా విన్నాను; ఇన్నాళ్లూ ఆ కుర్చీలో నోరు తెరుచుకుని ఓర్చుకున్నవాళ్లందరికీ దండం పెట్టాలనిపించింది.

కాస్త అలవాటయ్యాక మీ అక్కని తీసుకుని దుకాణానికి వెళ్లాను. గుసగుసలాయన ఎప్పటిలాగే మొదలుపెట్టాడు. మీ అక్క చెయ్యెత్తి ఆపింది. "కాస్త గట్టిగా చెప్పండి. మా ఆయనకి వినపడదు" అంది. ఆ మాట బయటివాళ్ల ముందు అనడం అదే మొదలు. నా చెవులు వేడెక్కాయి. ఆ వెంటనే ఒళ్లు తేలికైంది. అతనికీ గట్టిగా మాట్లాడటం వచ్చు, ఎవరూ అడగలేదంతే.

మీ అక్క కుర్చీలో కూర్చుంది. పాట వద్దంది. లైబ్రరీ నుంచి ఎవరో కథ చదివిన రికార్డు తెచ్చుకుంది. "మనిషి గొంతు మనిషి గొంతులా ఉండాలి, అంతే నేను చూసేది" అంది. నా ద్వారపాలకులు మోగగానే పెదవి విరిచింది. "ఈయన గొంతుతో కాదు, పొట్టతో మాట్లాడుతున్నాడు." ఇంకో జత, "జలుబు." ఇంకోటి, "అబద్ధాలకోరు." గుసగుసలాయన చెమట తుడుచుకున్నాడు. నేను వదలకుండా ద్వారపాలకుల తరఫున వాదించాను. "మీరు పట్టిన కుందేలుకి కాళ్లు తర్వాత లెక్కపెడదాం, కూర్చోండి" అంది. చివరికి స్టాండు మీద పెట్టే ఒక చిన్న జత దగ్గర కళ్లు మూసుకుంది. చాలాసేపు తెరవలేదు. "ఇవి" అంది.

అప్పుడు నా వేణువు పెట్టమన్నాను. వేణువు పైకెక్కింది.

"వచ్చాయా?" అంది మీ అక్క. పెదవుల మీద చదువుకోవాల్సిన అవసరం లేకపోయింది.

"వచ్చాయి. కాస్త తుప్పు పట్టి వచ్చాయి."

నిజం అదే. జ్ఞాపకంలో ఉన్న గజ్జెలు వేరు, ఇవి వేరు. రేకు మీద చినుకుల్లా ఉన్నాయి. కానీ వచ్చాయి. నేను ముక్కు చీదుకుంటే ఆ చప్పుడు కూడా నాకే పెద్దగా వినపడింది.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. నిన్న సాయంత్రం రికార్డు అయిపోయింది, నేను కుర్చీలోనే ఉన్నాను. వంటింట్లోంచి మీ అక్క గొంతు. తనలో తాను మాట్లాడుకుంటోంది. వినపడని మొగుడితో ఇన్నాళ్లూ ఉండి, నన్ను నా వెనకాలే తిట్టడం అలవాటు చేసుకున్నట్టుంది. చొక్కా ఎక్కడ పడేశానో, కుళాయి ఎలా వదిలేశానో, పుట్టుకతోనే నాకెంత మొండితనమో, అన్నీ వరసగా వచ్చాయి. ఒక్క అక్షరం పొల్లుపోలేదు. చివర్న నిట్టూర్చి, "ఈ మనిషికి చెప్పినా ఒకటే, గోడకి చెప్పినా ఒకటే" అంది.

"గోడ వింటోంది" అన్నాను.

గిన్నెల చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి గుమ్మంలోంచి తల బయటపెట్టింది.

"ఎక్కణ్నుంచి విన్నారు?"

"చొక్కా దగ్గర్నుంచి."

"గుడ్లగూబ అన్నది కూడానా?"

"ముసలి గుడ్లగూబ అన్నావు."

తిన్నగా హాల్లోకి వచ్చి, రికార్డు తిరగేసి పెట్టి, స్పీకర్లు బాగా పెంచి, మళ్లీ వంటింట్లోకి వెళ్లింది. మిగిలిన తిట్లు ఆ చాటున పూర్తి చేసుకుందని నా అనుమానం. ఈ రోజు పొద్దున్న కూడా అదే జరిగింది. ఇప్పుడు నేను ఈ ఉత్తరం రాస్తుంటే హాలు దద్దరిల్లిపోతోంది. జీవితమంతా జనాన్ని "ష్" అన్న మనిషి, నీ బావని మనసారా తిట్టుకోవడానికి సంగీతాభిమాని అయిపోయింది.

టైలరమ్మ మెట్లెక్కి వస్తున్న చప్పుడు వినపడుతోంది. ఉంటాను.

నీ బావ